ఎపాక్సీయా, పీయూయా? చెన్నైలో ఉండేవాళ్లు సర్ఫ్‌బోర్డు ఎంచుకునే పద్ధతి

చెన్నై పక్కనున్న కోవళంలోనో మహాబలిపురంలోనో సర్ఫింగ్ స్కూలువాళ్లు ఇచ్చిన మెత్తటి బోర్డు మీద కొన్నాళ్లు తంటాలు పడి, ఎలాగో నిలబడటం వచ్చిందనుకోండి. ఆ మర్నాటి నుంచే సొంత బోర్డు మీదికి మనసు లాగుతుంది. కొనబోతే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే: ఎపాక్సీ తీసుకోవాలా, పాత తరహా పీయూ తీసుకోవాలా?

ఆన్‌లైన్‌లో దీనికి దొరికే జవాబుల్లో ఎక్కువ భాగం కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా వాళ్లవి. అల మీద బోర్డు ఎలా వంగుతుంది, మలుపులో ఎలా స్పందిస్తుంది అన్నదే వాళ్ల చర్చంతా. మనమేమో షోళింగనల్లూరులోనో వేళచ్చేరిలోనో అపార్ట్‌మెంట్లో ఉంటూ, శనాదివారాల్లో చీకటి ఉండగానే లేచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పట్టుకునే బాపతు. మన బోర్డు నీళ్లలో ఉండేది వారానికి నాలుగైదు గంటలు. మిగతా కాలమంతా కారులో, బాల్కనీలో, మంచం కింద గడుపుతుంది. అందుకే నన్ను అడిగినవాళ్లకి ఆ వరసను తిరగేసి చెబుతాను. ముందు ఎండ, తర్వాత రిపేరు, ఆ తర్వాతే అల.

మొదటి మెట్టు: లోపల ఏముందో కనుక్కోండి

పీయూ బోర్డు అంటే పాలీయురెథేన్ ఫోమ్ ముద్ద. దాని నడుమ ముక్కు నుంచి తోక దాకా సన్నటి చెక్క పట్టీ ఉంటుంది, దాన్నే స్ట్రింగర్ అంటారు. పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి పాలియెస్టర్ రెసిన్ (ఆరాక గట్టిపడే జిగురు ద్రవం) పోస్తారు. 1950ల చివర్లో కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ ఈ ఫోమును జనంలోకి తెచ్చాక దశాబ్దాల పాటు దీనిదే రాజ్యం. అమెరికాలో షేపర్లకు, అంటే బోర్డులు చెక్కేవాళ్లకు, ఫోమ్ అందించే క్లార్క్ ఫోమ్ కంపెనీ 2005 డిసెంబరు 5న ఉన్నట్టుండి మూతపడింది. ఒక్కరోజులో సరుకు ఆగిపోయేసరికి, అప్పటిదాకా పక్కన ఉన్న ఎపాక్సీ వైపు చాలామంది చూడక తప్పలేదు.

ఎపాక్సీ బోర్డు లోపల ఉండేది ఈపీఎస్, అంటే మన థర్మాకోలే. టీవీ పెట్టెలో వచ్చేదానికంటే చిక్కగా, గట్టిగా ఉంటుంది, అంతే తేడా. దాని మీద పాలియెస్టర్ రెసిన్ పోస్తే, అందులోని స్టైరీన్ థర్మాకోల్‌ను తినేస్తుంది. అందుకే దానికి ఎపాక్సీ రెసిన్ తప్పనిసరి. పీయూ ఫోముకు మాత్రం ఏ రెసిన్ అయినా పడుతుంది, ఎపాక్సీతో చేసిన పీయూ బోర్డులు కూడా ఉన్నాయి. కాబట్టి అమ్మేవాణ్ని ‘ఇది ఎపాక్సీయేనా’ అని అడిగి ఊరుకోకండి. ‘లోపల ఫోమ్ ఏది, పైన రెసిన్ ఏది’ అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి. రెండోదానికి తడబడితే మొదటిదానికి చెప్పిన జవాబును కూడా నమ్మక్కర్లేదు.

ఈపీఎస్ బోర్డులన్నీ ఒక్క రకం కావు. చేత్తో చెక్కి, స్ట్రింగర్ పెట్టి, ఎపాక్సీ పూసినవి ఒక రకం. అచ్చులో పోసి, ఫోము చుట్టూ గట్టి పొరలు అతికించి చేసినవి ఇంకో రకం. సర్ఫ్‌టెక్, ఎన్ఎస్‌పీ, టార్క్ బోర్డులు ఈ కోవలోవి. నడుమ స్ట్రింగర్ తీసేసి, అంచుల వెంబడి చెక్క పెట్టే ఫైర్‌వైర్ లాంటివి మూడో రకం. మొదటి సొంత బోర్డుకు అచ్చులో చేసినవే సరిపోతాయని నా అభిప్రాయం. బరువు కాస్త ఎక్కువైనా దెబ్బలకు తట్టుకుంటాయి.

రెండో మెట్టు: లీటర్లు తేల్చుకోండి

దీని మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు గానీ, ఇది తప్పితే మిగతాదంతా వృథా. బోర్డు ఘనపరిమాణాన్ని లీటర్లలో చెబుతారు. ఇంకా నురగ అలల్లోనే ఉన్నవాళ్లకు శరీరం ఎన్ని కిలోలో దాదాపు అన్ని లీటర్లు ఉండాలి. విరగని అలను సొంతంగా పట్టుకుని పక్కకు సాగడం వచ్చినవాళ్లు అందులో మూడింట రెండు వంతుల దాకా దిగొచ్చు. 70 కిలోల మనిషి వారాంతాల్లో మాత్రమే సర్ఫ్ చేస్తే, 45 లీటర్ల కంటే కిందికి దిగడానికి తొందరపడకూడదు. వీడియోల్లో చూసిన సన్నటి బోర్డు కొని, ఏడాదంతా పాడిల్ చేస్తూ (చేతులతో నీళ్లు తోసుకుంటూ) కూర్చున్నవాళ్లను కోవళంలో ఏ శనివారం వెళ్లినా చూడొచ్చు.

అవే లీటర్లలో ఈపీఎస్ తేలిగ్గా ఉంటుంది కాబట్టి నీళ్ల మీద ఒకింత పైకి తేలుతుంది, పాడిల్ సులువు. అలవాటైనవాళ్లు ఈపీఎస్‌కు మారినప్పుడు ఒకటి రెండు లీటర్లు తగ్గించుకుంటారు. మొదటి బోర్డు కొనేవాళ్లు ఈ లెక్క మర్చిపోవచ్చు.

మూడో మెట్టు: వారంలో ఆరు రోజులు బోర్డు ఎక్కడుంటుంది?

అసలు తీర్పు ఇక్కడే వస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. బయట 40 డిగ్రీలున్నప్పుడు అద్దాలు మూసిన కారు లోపల 60 దాటడం పెద్ద విషయం కాదు. మామూలు గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ చాలా రకాల్లో 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. అదే సమయంలో థర్మాకోల్ గింజల మధ్య ఉన్న గాలి వేడెక్కి వ్యాకోచించి బయటికి నెడుతుంది. పై తొడుగు మెత్తబడి, లోపలి నుంచి గాలి నెడితే గుడ్డ ఫోమును వదిలేస్తుంది. డెక్ మీద, అంటే మనం నిలబడే పైభాగం మీద, బొబ్బలా లేస్తుంది. దీన్నే డీలామినేషన్ అంటారు. చేత్తో నొక్కితే లోపలికి దిగి, వదిలితే మళ్లీ లేస్తుంది. అది రిపేరు చేయలేనిది కాదు గానీ, చేశాక బోర్డు పాతదిలా ఉండదు.

పీయూకు కూడా ఇది వస్తుంది. ఎండలో వదిలేస్తే ఏ బోర్డూ బాగుపడదు. కాకపోతే పీయూ ఆ వేడిని ఇంకాస్త ఓర్చుకుంటుంది, అదీ తెల్లటి బోర్డయితేనే. నలుపు, ముదురు నీలం రంగులు చూడటానికి బాగుంటాయి, మన ఊళ్లో మాత్రం ఏ ఫోమ్ అయినా ఆ రంగుల జోలికి పోవద్దు.

మీ శనివారం ఎలా గడుస్తుందో నిజాయితీగా ఊహించుకోండి. ఐదున్నరకు కోవళం, ఎనిమిదిన్నరకు నీళ్లలోంచి బయటికి. తర్వాత ఎక్కడో ఇడ్లీ, పొంగల్, రెండు కాఫీలు, కబుర్లు. బోర్డు కారులో ఉంది, కారు ఎండలో ఉంది. పదకొండు అయ్యేసరికి మీరింకా లేవలేదు. ఇదే మీ అలవాటైతే, మార్చుకునే ఉద్దేశం కూడా లేకపోతే, పీయూ తీసుకోండి. తొమ్మిదికల్లా ఇంటికి బయల్దేరే మనిషై, ఇంట్లో ఎండ పడని గోడ ఒకటి ఉంటే ఈపీఎస్ తీసుకోవడానికి అడ్డేమీ లేదు.

వేడి ఎంతుందో కొలవడానికి పరికరం అక్కర్లేదు, కాలు జారకుండా డెక్ మీద పూసే వ్యాక్స్ చూడండి. ఇక్కడి నీటికి సరిపోయే ట్రాపికల్ వ్యాక్స్ మామూలుగా గట్టిగా ఉంటుంది. అది కూడా కరిగి పక్కలకు జారుతోందంటే, బోర్డును నీడకు మార్చే వేళ అప్పటికే దాటిపోతోందని అర్థం. వెండి రంగు సంచి కొంత కాపాడుతుంది గానీ, మూసిన కారులో సంచి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. బాల్కనీ కంటే మంచం కింద మేలు. లిఫ్టులో పట్టని పొడుగు బోర్డయితే మెట్ల మలుపులు కూడా ఒకసారి చూసుకుని రండి. నవ్వకండి, ఆరో అంతస్తు దాకా తొమ్మిది అడుగుల బోర్డు మోసినవాళ్లకే ఆ బాధ తెలుసు.

చాలా ఈపీఎస్ బోర్డులకు డెక్ మీద చిన్న మర ఉంటుంది. అది వెంట్ ప్లగ్, లోపలి గాలి బయటికి పోవడానికి పెట్టింది. విమానంలో పంపేటప్పుడు, ఎండలో ఊరు దాటేటప్పుడు దాన్ని వదులు చేయాలి. నీళ్లలోకి దిగేముందు బిగించాలి. ఈ రెండో పని మర్చిపోతే సముద్రం లోపలికొస్తుంది. కొత్త బోర్డుల్లో గాలిని వదిలి నీటిని ఆపే పొర ఉన్న వెంట్లు వస్తున్నాయి, వాటికి మర తిప్పే పనే లేదు. మతిమరుపు ఉన్నవాళ్లు అలాంటిది ఉందేమో అడిగి కొనండి.

నాలుగో మెట్టు: పగిలితే ఎవరు బాగు చేస్తారు?

పగలదు అనుకోకండి. ఇక్కడ రాళ్లున్నాయి, పక్క సర్ఫర్ బోర్డు అడుగున ఉండే రెక్క (ఫిన్) ఉంది, బైకు పక్కన కట్టిన ర్యాక్ ఉంది, అన్నిటికంటే ముందు మన అపార్ట్‌మెంట్ గేటు ఉంది. పాలియెస్టర్ తొడుగు పెళుసు, చిన్న దెబ్బకు కూడా చీలుతుంది. మోకాళ్లు, మడమలు పడ్డచోట డెక్ సొట్టలు పోతుంది. ఎపాక్సీ తొడుగు గట్టిది, ఆ దెబ్బల్లో సగం దాని మీద కనిపించవు. ‘ఎపాక్సీ గట్టిది’ అని అందరూ చెప్పేది ఇంతవరకు నిజమే.

పగిలాక కథ తిరగబడుతుంది. ఈపీఎస్‌లో గింజల మధ్య సందుల్లోంచి నీళ్లు లోపలికి పాకుతూ పోతాయి. పీయూ కూడా పీలుస్తుంది, కాకపోతే నెమ్మదిగా. పైగా తడిసినచోట గోధుమరంగుకు తిరిగి ఎక్కడ తేడా ఉందో తానే చూపిస్తుంది. ఈపీఎస్ తెల్లగానే ఉండి మోసం చేస్తుంది. చీలిక కనబడిన క్షణమే నీళ్లలోంచి బయటికి రావడం ఈపీఎస్ వాడేవాళ్లు మానకూడని అలవాటు. ‘ఇంకో రెండు అలలు’ అనుకుంటే ఆ రెండు అలలకీ బాగానే ఖర్చవుతుంది.

మా ఆఫీసులో నెల్లూరు కుర్రాడొకడున్నాడు, వాడు ఒకసారి అడిగాడు:

‘అన్నా, ట్యూబులో గుజ్జు ఒకటి వస్తదంట గదా, పూసి ఎండలో పెడితే ఐదు నిమిషాల్లో గట్టిపడతాదంట. కొట్టేద్దామా?’

‘నీ బోర్డు లోపల ఏముంది రా?’

‘థర్మాకోలే గదన్నా.’

‘అయితే ఆ గుంట పూడదు. ఇంకా పెద్దదవుతుంది.’

ఎండకు గట్టిపడే ఆ ట్యూబుల్లో ఎక్కువగా ఉండేది పాలియెస్టర్. పీయూ బోర్డుకు అది వరం. ఒడ్డునే కూర్చుని చీలికను ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, పూసి, ఎండలో పెట్టి, మళ్లీ నీళ్లలోకి దిగిపోవచ్చు. ఈపీఎస్ బయటపడిన చోట పూస్తే ఫోము కరిగిపోతుంది. ట్యూబు మీద ఎపాక్సీ అని స్పష్టంగా రాసి ఉంటేనే ఈపీఎస్‌కు వాడండి. గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు కూడా, కాబట్టి పై గీతకే కదా అని కూడా పూయొద్దు. ఎపాక్సీ మాత్రం రెండింటికీ పనికొస్తుంది. ఇంట్లో ఒక్కటే రెసిన్ పెట్టుకోవాలనుకుంటే అదే పెట్టుకోండి.

చెన్నైలో ఎపాక్సీతో రిపేరు చేయడానికి కొన్ని మెలకువలున్నాయి. ముందు మంచినీళ్లతో ఉప్పు కడిగి, చీలిక కిందికి ఉండేలా నీడలో నిలబెట్టి రోజుల తరబడి ఆరనివ్వండి. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆరడం ఆలస్యమవుతుంది. పని సాయంత్రం మొదలుపెట్టండి. పొద్దున చేస్తే, ఎండ ఎక్కేకొద్దీ ఫోములోని గాలి వ్యాకోచించి తడి రెసిన్‌లో బుడగలు లేపుతుంది. సాయంత్రం వాతావరణం చల్లబడుతుంటే ఆ గాలి కుంచించుకుని రెసిన్‌ను లోపలికి లాక్కుంటుంది. రెసిన్, హార్డెనర్ డబ్బా మీద చెప్పిన కొలతలోనే కలపాలి. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎపాక్సీ ఎప్పటికీ జిగురుగానే మిగులుతుంది. ఆ ఎక్కువ తక్కువల సర్దుబాటు పాలియెస్టర్‌లో చెల్లుతుంది, ఇందులో చెల్లదు. మర్నాడు చూస్తే పైన సన్నటి జిడ్డు పొర కనిపించవచ్చు. హార్డెనర్ గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి అలా తేలుతుంది. దాన్ని గరుకు కాగితంతో రుద్దేస్తే లోపలికి పులిమినట్టే. ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆరాక రుద్దండి. ఇది చేయకుండా రెండో పూత వేస్తే పొరలు పొరలుగా ఊడుతుంది.

వెంట్రుకవాసి చీలికకు హార్డ్‌వేర్ షాపులో దొరికే ఆరల్డైట్ ఒకటి రెండు వారాలు గట్టెక్కిస్తుంది. ఎం-సీల్ కూరడం మాత్రం నాకు నచ్చని పని. బరువు, తర్వాత దాన్ని తవ్వి తీయడం నరకం. చేతికి తొడుగులు, ముక్కుకు మాస్కు లేకుండా ఇవేవీ చేయొద్దు. ఏసీ గదిలో తలుపులు వేసుకుని అసలే వద్దు.

ఇదంతా చదివి నీరసం వచ్చిందంటే అది కూడా ఒక జవాబే. మీకు పీయూ సరిపోతుంది, లేదా కోవళంలో రిపేర్లు చేసే కుర్రాళ్లతో స్నేహం చేసుకోవాలి. ఈపీఎస్ కొనేముందు వాళ్లను ఒక్క మాట అడగండి, ఎపాక్సీ రెసిన్‌తో చేస్తారా అని. ‘అన్నిటికీ ఒకటే సార్’ అంటే, ఆ బోర్డు వాళ్ల చేతికివ్వకండి.

ఐదో మెట్టు: ఇక అల

మే నుంచి సెప్టెంబరు దాకా తెల్లవారి పూట పడమటి గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంది, అల ముఖం నున్నగా ఉంటుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగి నీళ్లను గతుకులు గతుకులుగా చేస్తుంది. తేలికైన ఈపీఎస్ నున్నటి చిన్న అలల మీద హాయిగా జారుతుంది, బలహీనమైన అలను కూడా ముందే పట్టిస్తుంది. గాలి తిరిగాక అదే బోర్డు ఎగిరెగిరి పడుతుంది. పీయూ తన బరువుతో ఆ గతుకులను నొక్కుకుంటూ పోతుంది, మలుపులో నీళ్లకు అతుక్కున్నట్టు ఉంటుంది. ప్రపంచ స్థాయి పోటీల్లో ఇప్పటికీ ఎక్కువమంది పీయూనే వాడటానికి కారణం ఆ పట్టు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు లేచాక వచ్చే పెద్ద అలల్లో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఆ అలలు కొత్తవాళ్ల కోసం కాదని వేరే చెప్పక్కర్లేదు.

కొత్తవాళ్లు పొద్దున్నే వెళతారు, చిన్న అలల్లోనే ఉంటారు. అల ఒక్కటే చూస్తే వాళ్లకు ఈపీఎస్ మేలు. విశాఖ వెళ్లినప్పుడు రుషికొండలో కూడా దిగుదామనుకునేవాళ్లకు తేలిక బోర్డు మోతలో కూడా కలిసొస్తుంది.

ఆరో మెట్టు: సెకండ్‌హ్యాండ్ బోర్డు పట్టి చూడటం

దిగుమతి సుంకం, రవాణా కలిపి కొత్త బోర్డు ధర చూశాక చాలామంది సెకండ్‌హ్యాండ్‌కే వస్తారు. అందులో తప్పేమీ లేదు, ఓపిగ్గా చూడాలి. చూడటానికి పగటి వెలుగులోనే వెళ్లండి. వ్యాక్స్ మొత్తం గీకి చూపించమనండి. చీలికలు దాని కిందే దాక్కుంటాయి.

డెక్ మీద వేలి కణుపులతో వరసగా తట్టుకుంటూ పోండి. టకటకమని గట్టిగా పలుకుతున్నది ఒక్కచోట డబడబమంటే అక్కడ గుడ్డ వదిలేసింది. బొటనవేలితో నొక్కితే తెలిసిపోతుంది. ఫిన్ పెట్టెల చుట్టూ, లీష్ (కాలికి కట్టుకునే తాడు) కట్టే గుంట చుట్టూ వెంట్రుకల్లాంటి గీతలున్నాయేమో చూడండి. నీళ్లు ఎక్కువగా దూరేది అక్కడే. స్ట్రింగర్‌కు అడ్డంగా డెక్ మీదా అడుగునా ఒకేచోట గీత ఉంటే, అది విరగబోయి ఆగిన బోర్డు, వదిలేయండి. అనుమానమున్న చీలికకు పెదాలు ఆనించి గట్టిగా పీల్చే సర్ఫర్లున్నారు. ఉప్పునీళ్లు నాలుకకు తగిలాయంటే బేరం అయిపోయినట్టే. అంత ధైర్యం లేకపోతే చీలిక మీద సబ్బునీళ్లు రాసి కాసేపు ఎండ తగలనివ్వండి, లోపలికి దారి ఉంటే బుడగలొస్తాయి.

ఫోమ్ ఏదో అమ్మేవాడికే తెలియకపోతే పగిలినచోట దగ్గరగా చూడండి. గుండ్రటి గింజలు ఒకదానికొకటి ఒత్తుకుని కనిపిస్తే ఈపీఎస్. గోటితో గీకితే సన్నటి పొడి రాలి, గింజ అనేదే కనిపించకపోతే పీయూ. ఇంకా సందేహముంటే, అమ్మేవాడు ఒప్పుకుంటే, ఆవగింజంత ముక్క గిల్లి అసిటోన్ చుక్క వేయండి. గోళ్ల రంగు తుడిచే ద్రవమైనా చాలు, అసిటోన్ ఉన్నదై ఉండాలి. ఈపీఎస్ ముక్క సుయ్‌మంటూ ముడుచుకుపోయి జిగురు చుక్కగా మిగులుతుంది. పీయూ ముక్క అలాగే కూర్చుంటుంది. బోర్డు మీద మాత్రం ఆ చుక్క వేయకండి.

పీయూ పసుపురంగుకు తిరిగిందని బెంగపడకండి, ఎండకు అది మామూలే. గోధుమరంగు మచ్చలుంటేనే బేరం తగ్గించాలి.

ఏడో మెట్టు: తేల్చుకోవడం

మొదటి బోర్డు, చిన్న అలలు, ఇంట్లో నీడ, పొద్దున్నే తిరుగు ప్రయాణం: అచ్చులో చేసిన ఎపాక్సీ. బోర్డు వారమంతా కారులోనో టెర్రస్ గదిలోనో పడుండేదైతే తెల్లటి పీయూ, అది కూడా కాస్త మందమైన గుడ్డ వేసింది. నిలకడగా మలుపులు తిప్పుతూ, మధ్యాహ్నపు గాలిలో కూడా దిగేవాళ్లకు పీయూ. పిల్లలతో కలిసి వాడుకునేదానికి ఈ రెండూ వద్దు, మెత్తటి బోర్డే తీసుకోండి. అందరి తలలూ క్షేమంగా ఉంటాయి. నెలకు ఒకసారి కూడా వెళ్లలేని ఉద్యోగమైతే కొనడమే వద్దు. అద్దెకు తీసుకుంటే ఒకసారి పీయూ, ఒకసారి ఎపాక్సీ అడిగి ఎక్కి చూసే వీలుంటుంది. నిజానికి కొనబోయేవాళ్లు కూడా ఆ పని ముందే చేయాలి.

బోర్డు ఇంటికి తెచ్చిన రోజు నీళ్లలోకి దిగకముందే, వ్యాక్స్ పూయకముందే సామాన్లు తూచే వేలాడే కాటాకు తగిలించి బరువు చూడండి. ఆ అంకెను ఫోనులో రాసుకోండి. నెలకోసారి వ్యాక్స్ గీకి, బాగా ఆరాక మళ్లీ తూచండి. బయట ఏ చీలికా కనబడకపోయినా బరువు వంద, రెండు వందల గ్రాములు పెరిగిందంటే లోపల నీళ్లున్నాయి. ఆ వారం సముద్రానికి వెళ్లకుండా సబ్బునీళ్లు పట్టుకుని దారి ఎక్కడుందో వెతకండి, ఫిన్ పెట్టెల దగ్గర మొదలుపెట్టండి.